బోధకులను సిద్ధపరచిన కాపరి – గ్రిఫిత్ జోన్సు

మన ఆదివారపు బడులలో చదువుకొన్న వారికి మేరీ జోన్సు కథ తెలియనిది కాదు. వేల్సు దేశములో ఒక బీద నేతగాని కుమార్తె కొన్ని సంవత్సరములు పైకము కూడబెట్టి, 1800వ సంవత్సరములో, పదిహేనేండ్ల ప్రాయమున, ఒక బైబిలు కొనుక్కొనుటకు సుమారు 25 మైళ్లు కాలినడకన బాలా అను ఊరికి వెళ్లినది. అక్కడి బోధకులైన థామస్ చార్లెస్‌గారి హృదయమును ఆ పిల్ల కదిలించినదనియు, 1804లో బైబిలు సొసైటీ స్థాపింపబడుటకు అది ఒక ప్రేరేపణ అయినదనియు చెప్పుకొందుము. ఈ కథను మేమును పిల్లలకు అనేకమార్లు చెప్పియున్నాము. అయితే ఒక ప్రశ్న మాత్రము మాకు చాలాకాలము తోచలేదు. బైబిలు కొనుక్కొనక ముందే ఆ బీద పిల్లకు చదువుట వచ్చియుండవలెను గదా! అది ఎవరు నేర్పినారు? ఆ నేర్పినవారిని ఎవరు తయారుచేసినారు?

ఈ ప్రశ్న వెంట వెనుకకు నడచినట్లయితే, మేరీ జోన్సు పుట్టుకకు 23 సంవత్సరములు ముందుగానే కన్నుమూసిన ఒక పల్లెటూరి గురువుగారి యొద్దకు చేరుదుము. ఆయన పేరు గ్రిఫిత్ జోన్సు. మేరీ జోన్సుకు ఆయన బంధువు కాడు. వేల్సు దేశములో ఆ ఇంటిపేరు మన ఊళ్లలో కొన్ని ఇంటిపేర్లవలె వేలమందికి కలదు. మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సమయమున, ఎన్నడును మన దేశమునకు రాని ఈ కాపరిని గూర్చి వ్రాయుటకు కారణమేమని కొందరు అడుగవచ్చును. ఆయన రావలసినవాడే. ఎందుకు రాలేదో, రాక ఏమి చేసినాడో మనము తెలిసికొనదగియున్నది.

బాల్యము, పిలుపు

గ్రిఫిత్ జోన్సుగారు వేల్సు దేశపు నైరుతి భాగమునగల కార్మార్థెన్ జిల్లాలో, పెన్‌బోయిర్ అను గ్రామ ప్రాంతమున జన్మించినారు. 1684లో ఆయనకు బాప్తిస్మమిచ్చినారు. తండ్రి చిన్నతనముననే గతించినాడు. పిల్లవాడు బలహీనుడు. ఉబ్బసము ఆయనను జీవితమంతయు వదలలేదు. కొంతకాలము గొఱ్ఱెలు కాచినారు. తరువాత కార్మార్థెన్ పట్టణములోని పాఠశాలలో చదువుకొని, 1708లో డీకనుగాను, 1709లో గురువుగాను అభిషేకము పొందినారు. లాహార్న్ అను చిన్న పట్టణములో సహాయ గురువుగా ఉంటూ, అక్కడి ధర్మ పాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పినారు. బడిపంతులు పని ఎట్టిదో ఆయనకు గ్రంథములవలనగాక తన చేతులతో చేసి తెలిసినది.

ఆనాటి వేల్సు దేశ పరిస్థితి మనకు అర్థముగాని విషయము కాదు. పొలము పనులు, గొఱ్ఱెల మందలు, కౌళ్లు, అప్పులు. జనులు మాట్లాడు భాష వెల్షు. ప్రభుత్వపు భాష, కోర్టు భాష, పెద్దింటివారి భాష ఇంగ్లీషు. వెల్షు భాషలో బైబిలు లేకపోలేదు. 1588లోనే విలియం మోర్గన్ అను గ్రామ గురువుగారు సంపూర్ణ బైబిలును తర్జుమా చేసి అచ్చు వేయించినారు. దేవాలయములో అది చదువబడుచునే యుండెను. కాని బల్లమీద నున్న గ్రంథమును వినుటయేగాని, దానిని చేతపట్టి తనంతట తాను చదువుకొనగల రైతు, కూలివాడు, దాసి బహు అరుదు. పెట్టబడిన కొద్ది ధర్మ పాఠశాలలు చాలవరకు ఇంగ్లీషులో నడచెడివి. ఇంట వినని భాషలో పిల్లవాడు అక్షరములు దిద్దుచుండగానే పొలమునుండి పిలుపు వచ్చెడిది. బడి అంతటితో సరి.

మన దేశమునకు రాని మిషనెరీ

ఆ రోజులలో లండనులోని క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘము, అనగా ఎస్.పి.సి.కె., రెండు పనులను చేపట్టినది. ఒకటి, ఇంగ్లాండు వేల్సులలో ధర్మ పాఠశాలలను పెట్టించుట, గ్రంథములు పంచుట. రెండవది, దక్షిణ హిందూదేశములో తరంగంబాడి యొద్ద 1706లో జీగన్‌బాల్గుగారు ఆరంభించిన పనికి సహాయము చేయుట. ఆ తరంగంబాడికి పంపదగిన గురువులకొరకు సంఘమువారు వెదకుచుండగా గ్రిఫిత్ జోన్సుగారి పేరు వారి దృష్టికి వచ్చినది. ఆయనయు సమ్మతించు తలంపుతోనే కొంతకాలము ఉన్నారు. ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. చివరకు 1713లో ఆయన తాను రానని తెలియజేసినారు. తన స్వజనుల అజ్ఞానమే ఆయనను ఆపినది.

కొన్ని సంవత్సరముల తరువాత, 1719లో, అదే తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్‌గారు మద్రాసు చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసినారు. ఆ తర్జుమా అచ్చు కాలేదు. జోన్సుగారు వచ్చియుండినయెడల ఏమి జరిగెడిదో మనము ఊహించి లాభము లేదు. అయితే దూరదేశమునకు వెళ్లుటయే గొప్ప పిలుపు అనియు, ఇంటి యొద్ద ఉండిపోవుట వెనుకంజ యనియు అనుకొను అలవాటు మనలో కలదు. ఇంటి యొద్ద ఉండుట విశ్రాంతికొరకు అయినయెడల అది వెనుకంజయే. ఆయనకు అది విశ్రాంతి కాలేదు.

1716లో సర్ జాన్ ఫిలిప్స్ అను ధనవంతుడైన విశ్వాసి ఆయనను లాన్‌దౌరోర్ అను గ్రామమునకు గురువుగా నియమించినారు. 1720లో జోన్సుగారు ఆ సర్ జాన్‌గారి సహోదరియైన మార్గరెట్‌ను వివాహము చేసికొన్నారు. ఆ చిన్న గ్రామమే ఆయన జీవితమంతటికి పని స్థలమైనది.

శనివారపు ప్రశ్నలు

జోన్సుగారు గొప్ప ప్రసంగీకులు. ఆయన వచ్చుచున్నారనగా జనులు దేవాలయములో పట్టక సమాధుల తోటలోను బయలులోను నిలిచి వినెడివారు. తమ గురుమండలములను దాటి వచ్చి బోధించుచున్నాడని తోటి గురువులు ఫిర్యాదు చేయగా, 1714లో ఆయన బిషప్పుగారి యెదుట సమాధానము చెప్పుకొనవలసివచ్చినది. 1735 ప్రాంతమున ఆయన ప్రసంగము విని మారుమనస్సు పొందిన డేనియల్ రోలండ్ అను యౌవన గురువు తరువాత వేల్సు ఉజ్జీవమునకు నాయకులలో ఒకరైనారు. ఇట్టి ప్రసంగీకునికి తన ప్రసంగములమీద తృప్తి కలుగుట సహజము. ఆయనకు కలుగలేదు. ఇక్కడనే ఆయన గొప్పతనము కనబడుచున్నది.

లాన్‌దౌరోరులో నెలకొకసారి ప్రభు భోజన సంస్కారము జరిగెడిది. దానికి ముందటి శనివారము ఆయన జనులను సమకూర్చి, మరునాటికి సిద్ధపరచుటకై, విశ్వాస విషయములలో తేలికైన ప్రశ్నలు అడిగెడివారు. సంస్కారపు కానుకలతో కొన్న రొట్టెలు బీదలకు పంచు సమయమున, వరుసలో నిలిచిన వారిని కూడ సిగ్గుపడకుండ మెల్లగా ఒకటి రెండు ప్రశ్నలు అడుగుచుండిరి. అప్పుడు తెలిసినది: ఎన్నో ఏండ్లుగా ప్రసంగములు విని కన్నీరు కార్చినవారికి సైతము, తాము నమ్మునదేదో చెప్పుటకు మాటలు లేవు. విన్నది నిలువలేదు. నిలుపుకొనుటకు వారి చేతిలో గ్రంథము లేదు. గ్రంథమున్నను చదువు లేదు. గట్టు వేయని మడిలోనికి ఎంత నీరు పెట్టిన ఏమి ప్రయోజనము? తన ప్రసంగములను తానే పరీక్షకు పెట్టి, అవి చాలవని ఒప్పుకొని, ఆయన కొత్త పని మొదలుపెట్టినారు.

తిరుగు పాఠశాలలు

1731 సెప్టెంబరులో ఆయన లండను సంఘమునకు వ్రాసి, లాన్‌దౌరోరులో ఒక వెల్షు పాఠశాలకు బైబిళ్లు కావలెనని కోరినారు. ఆ ఒక్క బడినుండి పుట్టినవే చరిత్రలో తిరుగు పాఠశాలలు అని పేరు పొందినవి. ఆ పద్ధతి ఇట్టిది. ఒక ఉపాధ్యాయుడు ఒక ఊరికి వచ్చి సుమారు మూడు నెలలు ఉండును. పని ముగిసిన తరువాత మరియొక ఊరికి పోవును. అవసరమైనయెడల బడి మరల అదే ఊరికి వచ్చును. దానికి కట్టడము అక్కరలేదు. దేవాలయమో, పశువుల కొట్టమో, ఎవరి ఇంటి వసారాయో చాలును. పొలము పని తక్కువగా ఉండు చలికాలపు నెలలలోనే ఎక్కువ బడులు జరిగెడివి. పగటివేళ పిల్లలు, వీలున్న పెద్దలు; రాత్రివేళ పనిచేసి వచ్చిన కూలివారు, దాసదాసీలు. రుసుము లేదు.

మూడు నెలలలో చదువు వచ్చునా అని ఆనాడును అడిగినారు. దానికి ఆయన యొద్ద రెండు రహస్యములు ఉండెను. మొదటిది, మాతృభాష. వెల్షు భాష మన తెలుగువలెనే చాలవరకు పలికినట్లు వ్రాయు భాష. అక్షరములు, వాటి కలయికలు వచ్చినవెంటనే నోటిలో ఉన్న మాట కంటికి కనబడును. ఇంగ్లీషులో సంవత్సరములు పట్టు పని వెల్షులో నెలలతో ముగియునని ఆయన వాదించి చూపినారు. రెండవది, పని యొక్క హద్దు. చదువుట మాత్రమే నేర్పవలెను. బైబిలు, ప్రశ్నోత్తరములు, ప్రార్థన పుస్తకము – ఇవే పాఠములు. ఈ హద్దును గూర్చి మరల చెప్పెదము.

పాత కళాశాల

అయితే మాతృభాషయు, చలికాలమును, ఉచిత బోధయు కలిసినను బడి నడువదు. బడి అనగా ఉపాధ్యాయుడు. వందల ఊళ్లకు ఉపాధ్యాయులు ఎక్కడనుండి రావలెను? విశ్వవిద్యాలయములో చదివినవారు సంవత్సరమునకు మూడు నాలుగు పౌన్ల జీతమునకు పల్లెలవెంట తిరుగరు. కనుక జోన్సుగారు సామాన్యులను పిలిచినారు. భక్తి, మంచి నడత, చదువగల శక్తి – ఈ మూడు ఉన్నవారిని లాన్‌దౌరోరుకు రప్పించి, తన దగ్గర ఉంచుకొని, తానే నేర్పినారు. వారు శిక్షణ పొందిన స్థలమును జనులు తమ భాషలో పాత కళాశాల అని పిలుచుకొన్నారు. అది పేరుకే కళాశాల. అందులో పట్టములు ఇచ్చెడివారు కారు. ఒక గురువుగారు, కొందరు పల్లెవారు, కొన్ని పుస్తకములు.

శిక్షణ ముగిసిన తరువాత ఉపాధ్యాయుని ఊరికే వదలివేయలేదు. ఏ ఊరివారైన బడి కోరినయెడల, ఆ ఊరి గురువుగారి సమ్మతి ఉండవలెను. ఉపాధ్యాయుడు తన యొద్ద ఒక పట్టిక ఉంచుకొని, చదువుకొనువారి పేర్లు, వయస్సు, నివాసము, ఎంతకాలము బడికి వచ్చినది, ఎంతవరకు చదువగలిగినది వ్రాయవలెను. మూడు నెలల చివర ఆ ఊరి గురువుగారు వచ్చి, చదివించి చూచి, ఉపాధ్యాయుని నడతను గూర్చియు, జనుల అభివృద్ధిని గూర్చియు జోన్సుగారికి ఉత్తరము వ్రాసెడివారు. ఈ ఉత్తరములలో అనేకము ఆయన ఏటేట ప్రచురించిన నివేదికలలో అచ్చయినవి. అరువది, డెబ్బది ఏండ్ల ముసలివారు అక్షరములు నేర్చుకొనుటకు బడికి వచ్చినారనియు, ఇంత ఆలస్యముగా నేర్చుకొన్నందుకు కంటతడి పెట్టినారనియు ఆ నివేదికలలో చదువుదుము.

ఈ ఏర్పాటు వలన కలిగిన రెండవ మేలును గమనింపవలెను. ఉపాధ్యాయుడు మాత్రమేగాక, ఊరి గురువుగారును నేర్చుకొన్నారు. అంతకుముందు తన సంఘస్థులలో ఎవరు చదువగలరో ఎవరు చదువలేరో ఆయనకు తెలియదు. బడిని చూచి ఉత్తరము వ్రాయవలసి వచ్చినప్పుడు ఆయన బడిలో కూర్చుండవలసివచ్చినది. కూర్చున్నప్పుడు తన జనులను ఎరిగినాడు. పంతులును సిద్ధపరచుట, బడిని నడిపించు పెద్దను సిద్ధపరచుట వేర్వేరు పనులు కావని జోన్సుగారు గ్రహించినారు. ఈనాడు ఉపాధ్యాయ శిక్షణ నిపుణులు చెప్పు మాటయు ఇదే. ఒకసారి తరగతి పెట్టి ఉపన్యాసము చెప్పి పంపివేసినందువలన ఉపాధ్యాయుని పని మారదు. అతని ప్రక్కన కూర్చుండి, అతడు చెప్పునది చూచి, మరల మాటలాడి, మరల చూచినప్పుడే మారును.

కొంతకాలము హౌవెల్ హారిస్ అను ఉజ్జీవ బోధకుడు ఈ బడులను తిరిగి చూచు పనిచేసినారు. పైకమునకు, పరిచయములకు ఆసరాగా నిలిచినవారు బ్రిజెట్ బెవన్ దొరసానమ్మగారు. యౌవనములోనే జోన్సుగారి బోధ విని, తన ధనమును, ధనవంతులైన తన స్నేహితులను ఈ పనివైపునకు త్రిప్పినారు. బైబిళ్ల కొరకు లండను సంఘమువారు 1746లోను, 1752లోను వెల్షు బైబిలును అచ్చు వేయించినారు. చదువరులు పెరిగినందున గ్రంథములు చాలకపోవుట – ఇది ఎంతటి ధన్యమైన కొరత!

నిందలు, లోపములు

ఇట్టి పనికి నిందలు రాకపోవు. బడిపంతుళ్లు మెథడిస్టులనియు, సంఘమును చీల్చుటకే ఈ బడులు అనియు కొందరు గురువులు అనుమానించినారు. 1752లో పొరుగు గురుమండలములోని జాన్ ఇవాన్స్ అను గురువు ఆయనను ఎగతాళి చేయుచు ఒక పుస్తకమే ప్రకటించినాడు. ఇంగ్లీషు నేర్పకుండ వెల్షులో నేర్పుట దేశమునకు నష్టమని మరికొందరు ఆక్షేపించినారు. ఉజ్జీవమువారిలో కొందరి ఆవేశము జోన్సుగారికే నచ్చలేదు; ఆయన తుదివరకు తన సంఘములోనే ఉండినారు. అటు సంఘపు పెద్దలకు అనుమానము, ఇటు ఉజ్జీవకులకు అసంతృప్తి. నడుమ ఉబ్బసముతో బాధపడు ఒక మనిషి మరుసటి చలికాలపు బడులకు పంతుళ్లను సిద్ధపరచుచుండెను.

ఆయన లోపములను దాచి వ్రాయుట ఆయనకు గౌరవము కాదు. ఆయన బడులలో వ్రాయుట నేర్పలేదు, లెక్కలు నేర్పలేదు. కాలము తక్కువ, ఆత్మల రక్షణ ముఖ్యము అనునది ఒక కారణము. బీదలను వారి స్థితినుండి పైకెత్తుట తన ఉద్దేశము కాదని ఆయన ధనవంతులకు నచ్చజెప్పుచు వచ్చినారు. చదువగలిగియు సంతకము చేయలేని కూలివాడు, తన కౌలు కాగితము మీద వేలిముద్రయో గుర్తో వేయవలసినవాడే. మన సంఘములలో అనేక కుటుంబములకు మిషను బడులలో వ్రాతయు లెక్కయు వచ్చినందుననే జీవితము మారినది గనుక, ఈ లోపము మనకు స్పష్టముగా కనబడవలెను. అయినను ఒక మాట. చదువు వచ్చినవాడు ఎంతవరకు చదువవలెనో గీత గీయుట ఎవరి తరము? బైబిలు చదువ నేర్చినవారు తరువాత తమ భాషలో పత్రికలు, గ్రంథములు చదువు జనాంగమైనారు. నేర్పినవాడు వేసిన హద్దును నేర్చుకొన్నవారు దాటినారు.

ఆయన తరువాత

భార్య మరణించిన తరువాత జోన్సుగారు లాహార్నులో బెవన్ దొరసానమ్మగారి ఇంట ఉండి పని నడిపించినారు. 1761 ఏప్రిల్ 8వ తేదీన ప్రభువునందు నిద్రించినారు. లాన్‌దౌరోరు దేవాలయములో ఆయనను సమాధి చేసినారు. అప్పటికి సుమారు 1,600 స్థలములలో మూడు వేలకు పైగా బడులు జరిగినవి. పట్టికలకు ఎక్కిన చదువరులే లక్షన్నరకు పైబడినారు. రాత్రి బడులకు వచ్చిన పెద్దలలో అనేకులు ఆ లెక్కలో లేరు. అప్పటి వేల్సు జనసంఖ్య అయిదు లక్షలకు లోపే అని తలంచినప్పుడు ఆ లెక్క యొక్క బరువు తెలియును. ఆ బడుల కీర్తి రష్యావరకు పోయినదనియు, 1764లో మహారాణి కేథరిన్ వాటిని గూర్చి నివేదిక తెప్పించుకొన్నదనియు చరిత్రకారులు వ్రాయుదురు.

బెవన్ దొరసానమ్మగారు 1779లో మరణించువరకు బడులను నడిపించినారు. తన వీలునామాలో బడులకొరకు పదివేల పౌన్లు వ్రాసినారు. బంధువులు అభ్యంతరము తెచ్చినందున ఆ సొమ్ము కోర్టులో చిక్కుకొని, సుమారు ముప్పది సంవత్సరములు ఒక్క పిల్లవానికిని ఒక్క అక్షరమును నేర్పలేదు. 1731లో పైకము లేకుండ మొదలైన పని, పదివేల పౌన్లు ఉండగా ఆగిపోయినది! సంఘములు, సంస్థలు, ఆస్తులు గలవారమైన మనము ఈ ఒక్క సంగతిని నిలిచి తలపోయవలెను.

ఆగిన పనిని తిరిగి ఎత్తినవారు థామస్ చార్లెస్‌గారు. ఆయన కార్మార్థెన్ జిల్లాలో పుట్టినవారే; బాల్యములో జోన్సుగారి శిష్యుడైన ఒక వృద్ధునివలన మేలు పొందినవారే. ఉత్తర వేల్సులోని బాలాలో ఆయన 1785 ప్రాంతమున తిరుగు బడులను మరల ఆరంభింపగోరినప్పుడు, మొదట ఒక్క మనిషిని తీసికొని తానే అతనికి బోధించుట నేర్పినారు. ఆ మొదటివాని సహాయముతో మరికొందరు తయారైనారు. ఒకరు ఏడుగురై, పదిమందియై, ఇరువదిమందియైనారు. అట్టి బడి ఒకటి మేరీ జోన్సు ఇంటికి చేరువనున్న ఊరికి వచ్చినది. ఆమె చదువ నేర్చినది. చదువ నేర్చినది గనుక బైబిలు కావలెనని నడచినది. ఆ తరువాతి కథ మీరెరిగినదే. మన పల్లె దేవాలయములలోని తెలుగు బైబిళ్ల మొదటి పుటలో బైబిలు సొసైటీ పేరు చూచినప్పుడు, మన దేశమునకు రాని ఆ మిషనెరీ కొంత మన దేశమునకు వచ్చియే యున్నాడని మాకు తోచుచున్నది.

మన మాట

ఇక మా తప్పును ఒప్పుకొని ముగించెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము స్థిరీకరణ తరగతి జరుపుచుండగా, ఒక తల్లి ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను తడబడక అప్పజెప్పినది. మేము సంతోషించి, ఆమె చేతికి గ్రంథమిచ్చి ఏదైన ఒక వచనము చదువుమంటిమి. ఆమె గ్రంథమును కన్నులకద్దుకొని, చిరునవ్వుతో మాకు తిరిగి ఇచ్చినది. మేము ఆమెను మెచ్చుకొని తరువాతివారిని పిలిచితిమి. అంతే! ఆమె చిరునవ్వులోని మాట మాకు అర్థమగుటకు చాలా కాలము పట్టినది. శనివారపు ప్రశ్నలో జోన్సుగారికి తెలిసినదే మాకును ఆ దినమున తెలిసియుండవలసినది. తెలిసినను దాటిపోతిమి.

ఆదివారపు బడి పంతుళ్ల విషయమును అంతే. జూనులో పాఠ్య పుస్తకము చేతికిత్తుము. డిసెంబరులో క్రిస్మసు కార్యక్రమమునకు పిల్లలను సిద్ధపరచుమందుము. నడుమ ఏ ఆదివారమునైనను ఆ తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి విన్నామా? పదునెనిమిదేండ్ల పిల్ల ముప్పదిమంది పిల్లలముందు నిలిచి తంటాలు పడుచుండగా, ఆమె ప్రక్కన నిలిచి, ఈ మాట ఇట్లు చెప్పిచూడు అమ్మా, అని చెప్పినవారు ఎవరు? ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు లేవీయులు జనులమధ్య నిలిచి అర్థము తెలియజెప్పినారు. ఫిలిప్పు రథము ఎక్కి, చదువుచున్నవాని ప్రక్కన కూర్చున్నాడు. అపొస్తలుడైన పౌలు తిమోతికి అప్పగించినదియు ఇదియే: తాను విన్నదానిని, ఇతరులకు బోధింపగల నమ్మకమైనవారికి అప్పగింపుమని.

నూరేండ్లలో మన అధ్యక్ష మండలమునకు దేవుడు దేవాలయములను, బడులను, ఆసుపత్రులను ఇచ్చినాడు. రాబోవు నూరేండ్లకు ఏ జ్ఞాపకార్థ కట్టడము కట్టవలెనని కమిటీలలో ఆలోచనలు జరుగుచున్నవి. కట్టుదము. దానితోకూడ, ప్రతి గురుమండలములో నెలకు ఒక శనివారము గురువుగారును బోధించువారును కలిసి కూర్చుండి, రాబోవు పాఠమును చదివి, ఒకరి బోధను ఒకరు విని దిద్దుకొను అలవాటు మొదలుపెట్టుదము. సంఘములో చదువురాని ఒక్కొక్కరి ప్రక్కన చదువు వచ్చిన ఒకరు కూర్చుండునట్లు చూతము. దీనికి ఖర్చు లేదు. కోర్టు దీనిని ఆపజాలదు. మేము మా గురుమండలములో దీనిని ఆరంభించియున్నాము. మొదటి శనివారము నలుగురే వచ్చినారు. జోన్సుగారును ఒక్క బడితోనే ఆరంభించినారు గదా అని ధైర్యము తెచ్చుకొంటిమి.

గ్రంథమును కన్నులకద్దుకొని తిరిగి ఇచ్చిన ఆ తల్లి ఈనాడు లేరు. ఆమె మనుమరాలు ఆ నలుగురిలో ఒకతె. ప్రభువు ఆ బిడ్డను, ఆమెవలన చదువ నేర్చుకొనబోవు వారిని ఆశీర్వదించును గాక. ఆమేన్.